నూట ఇరవై ఏడు పళ్లు

షెడ్డు తలుపు తెరిచిన రోజున నా చేతిలో ఉన్నవి ఇవీ: ఒక పాత మిల్లింగ్ మిషను, దాని నాలుగో కాలి కింద మడతపెట్టిన రేకుముక్క, చిల్లుల వరుసలున్న ప్లేట్లు మూడు, గేర్లు కోయడానికి తెచ్చిన ఇనుప బిళ్లలు నలభై రెండు, ఎవరినైనా ఒప్పించగలనని నేను గర్వపడే నోరు. వీటికి తోడు మా అక్క. అక్కని ఆ రోజు నేను ఆస్తి కింద రాసుకోలేదు. ఖర్చు కింద రాసుకున్నాను: మధ్యాహ్నం భోజనం ఒకటి, రానూపోనూ బస్సు టిక్కెట్లు. ఆ పొరపాటు దిద్దుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది.

మా వీధిలో ఇనుముని తిప్పుతూ చెక్కే లేతు షాపులు పదకొండు. అన్నీ పాత మిషన్లే. అరిగిపోయిన పళ్ల చక్రాల స్థానంలో కొత్త గేర్లు కోసి అమ్మడం నా వ్యాపారం. ఇనుముని కోయడంలో పెద్ద కష్టం లేదు. కష్టమంతా సమంగా పంచడంలో ఉంది. అరవై పళ్ల గేరు కావాలంటే గుండ్రటి బిళ్ల చుట్టుకొలతని అరవై సమభాగాలు చేయాలి. ఒక్క పల్లు సన్నగా, పక్కది లావుగా ఉన్నా మిషను ఏడుస్తుంది. ఈ పంపకం చేసేది చిల్లుల ప్లేటు. దాని మీద ఒక హ్యాండిల్ ఉంటుంది. హ్యాండిల్ నలభై చుట్లు తిరిగితే బిళ్ల ఒక్క చుట్టు తిరుగుతుంది. ఒక పల్లు దాటడానికి హ్యాండిల్‌ని ఏ వరుసలో ఎన్ని చిల్లులు జరపాలన్నదే మొత్తం విద్య.

ఆ విద్య అక్కది. ఏడో తరగతితో బడి మానేసింది కానీ, అంకె కనబడితే ఊరుకోదు. బస్సు టిక్కెట్టు మీది నంబరుని మా స్టాపు వచ్చేలోగా ముక్కలు చేసేస్తుంది. రెండుతో భాగిస్తుంది. పోతే మళ్లీ రెండుతో. పోకపోతే మూడుతో, ఆ తర్వాత ఐదు, ఏడు, పదకొండు. అలా ఇక విరగని ముక్కలు మిగిలేదాకా వదలదు. బళ్లో వాటిని ప్రధాన సంఖ్యలంటారు. మా షెడ్డులో వాటి పేరు మొండివాళ్లు.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఏ ఆర్డరు వచ్చినా, ఎన్ని పళ్లో ఆ అంకెని తలుపు రేకు లోపలివైపు సుద్దతో రాయాలి. దాని కింద అక్క ముక్కలు రాయాలి. ఎనభై నాలుగు అయితే రెండు, రెండు, మూడు, ఏడు. ముక్కలు రాయని ఆర్డరు మిషను ఎక్కదు. ముక్కలు తెలిస్తే అవి మా చిల్లుల వరుసల్లో ఎక్కడ దాక్కున్నాయో వెతుక్కోవచ్చు. ఒకసారి తొంభై ఒక్క పళ్ల గేరు అడిగారు. ఆ అంకెకి సరిపడే వరుస ఎవరి దగ్గరా లేదు, అందరూ చేతులెత్తేశారు. అక్క ఏడు, పదమూడు అని రాసింది. మా ప్లేటు మీద ఇరవై ఒక్క చిల్లుల వరుసలో ఏడుంది, ముప్పై తొమ్మిది చిల్లుల వరుసలో పదమూడుంది. ముందు హ్యాండిల్‌ని మొదటి వరుసలో ఆరు చిల్లులు జరిపించింది, తర్వాత ప్లేటునే రెండో వరుస లెక్కన ఆరు చిల్లులు తిప్పించింది. రెండూ కలిస్తే సరిగ్గా ఒక పల్లు. ఆ గేరు కొన్నవాడు మా తలుపు ముందు నిలబడి, నా చేతి నైపుణ్యాన్ని పొగిడి వెళ్లాడు. నేనూ కాదనలేదు.

మూడో ఏడు కంపెనీ ఆయన వచ్చాడు. కొత్త లేతులు తయారుచేసే కంపెనీకి మా ప్రాంతం మొత్తానికి ఆయనొక్కడే ఏజెంటు. మా స్టూలు మీద రుమాలు పరిచి కూర్చున్నాడు. వీధిలోని పాత లేతుల్ని తూకానికి తీసుకుని, వాటి బదులు వాయిదాల మీద కొత్తవి ఇస్తానన్నాడట. ముప్పయ్యో తేదీలోగా షాపుల వాళ్లు సంతకాలు పెట్టాలి. ఆ మాట నాకు చెప్పి పోదామని వచ్చానన్నాడు. పాత లేతులు పోతే నా గేర్లు కొనేవాడు ఉండడని ఇద్దరికీ తెలుసు.

ఎందుకు పెడతారు సంతకాలు అని అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఇప్పుడు ఆర్డర్లన్నీ మిల్లీమీటర్లలో వస్తున్నాయి. పాత లేతులకి అంగుళాల భాషే వచ్చు. ఈ రెంటి మధ్య దుబాసీ ఒకే ఒక గేరు: నూట ఇరవై ఏడు పళ్లది. ఎందుకంటే ఐదు అంగుళాలంటే సరిగ్గా నూట ఇరవై ఏడు మిల్లీమీటర్లు. ఆ గేరు బిగిస్తే పాత లేతు కూడా కడ్డీ మీద మిల్లీమీటర్ల లెక్కన మరలు కోస్తుంది. ఆ గేర్లు ఆయన గోడౌన్లో పెట్టెల నిండా ఉన్నాయి. అమ్మడు. అమ్మితే కొత్త లేతు ఎవరు కొంటారు?

వెళ్లబోతూ తలుపు మీది అంకెలు చూసి ఆగాడు. అక్క ముక్కల సంగతి వీధిలో విన్నట్టున్నాడు. సుద్ద తీసుకుని రెండు వందల ఇరవై ఒకటి అని రాసి, "విరువమ్మా చూద్దాం" అన్నాడు.

అక్క చేతులు తుడుచుకుని వచ్చింది. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు పెదాల మీదే దాటించి, "పదమూడు పదిహేడులండీ" అంది.

ఆయన మొహం ఒక్క క్షణం మారింది. ఆ అంకెని చాలామంది దగ్గర వాడి గెలిచినట్టుంది. దాన్ని చెరిపేసి నూట ఇరవై ఏడు రాశాడు.

అక్క మళ్లీ మొదలుపెట్టింది. రెండుతో పోలేదు. మూడుతో ఒకటి మిగిలింది. ఐదుతో రెండు, ఏడుతో ఒకటి, పదకొండుతో ఆరు. అక్కడ ఆగిపోయింది. పదమూడు పదమూళ్లే నూట అరవై తొమ్మిది అయిపోతాయి కాబట్టి ఇక చూడక్కర్లేదు. "విరగదండీ" అంది.

"అందుకే అది నా దగ్గరుంది, నీ దగ్గర లేదు," అని ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇక్కడ నా తెలివి చెప్పాలి. నూట ఇరవై ఏడు కొరకరాని కొయ్య. కానీ దాని పక్కింట్లోనే నూట ఇరవై ఎనిమిది ఉంటుంది. అంత మెత్తని అంకె ఇంకొకటి లేదు: ఏడు రెళ్లు ఒకదానితో ఒకటి గుణించుకుంటే అదే. పదహారు చిల్లుల వరుసలో ఐదు చిల్లులు జరుపుకుంటూ పోతే కళ్లు మూసుకుని కోయొచ్చు. ఒక్క పల్లు తేడా. అంత పెద్ద చక్రం మీద ఎవడు లెక్కపెడతాడు? అక్క జ్వరమొచ్చి ఇంట్లో ఉన్న రోజు చూసి కోసేశాను. తలుపు మీద అంకె రాయలేదు. ముక్కలు రాయని ఆర్డరు మా మిషను ఎక్కడం అదే మొదటిసారి.

దాన్ని వీధి చివర షాపు పెద్దాయనకి నూట ఇరవై ఏడని చెప్పి అమ్మాను. ఆయన్ని అందరం నిదానం గారు అంటాం. చాయ్ తాగడానికి కూడా ఆయనకి గంట కావాలి. కానీ మిగతా పదిమందీ ఆయన ఏం చేస్తే అదే చేస్తారు. నేను ఆయన్నే ఎంచుకున్నది అందుకే.

నాలుగో రోజున ఆయన గేరు చంకలో పెట్టుకుని వచ్చాడు. వెనకాల ముగ్గురు లేతు వాళ్లు, వాళ్లతో కంపెనీ ఆయన. నిదానం గారు మా బల్ల మీద గేరు పెట్టి, సుద్దతో ఒక పంటికి గుర్తు పెట్టి, అక్కణ్నుంచి ఒక్కొక్క పల్లూ వేలితో ముట్టుకుంటూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.  నూట ఇరవై ఎనిమిది దగ్గర వేలు ఆపాడు.

"మీటరు పొడుగు మర కోశాను అబ్బాయ్. ఎనిమిది మిల్లీమీటర్లు తేడా వచ్చింది. నా చెయ్యి వణికిందేమోనని రెండు రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది. కంపెనీ ఆయన నవ్వి, ఒక పల్లు ఎక్కువే ఇచ్చాడుగా, కొసరు అనుకోండి అన్నాడు. ముగ్గురూ నవ్వారు. అక్క నవ్వలేదు. ఆ బల్ల దగ్గరే నిలబడి, గేరుని కాకుండా నన్ను చూస్తోంది.

వాళ్లు వెళ్లాక అక్క తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. గేరుని గుడ్డతో తుడిచి, తలుపు పక్కన మేకుకి తగిలించింది.

"అది అక్కడే ఉంటుంది. వచ్చిన ప్రతివాడూ లెక్కపెట్టుకుంటాడు. ఇంకోటి వినరా. ఈ రోజు నుంచి ఇందులో సగం నాది. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు, బస్సుకి వేళవుతోంది."

సగం ఎందుకు అని అడిగాను. అలవాటైన నోరు కదా.

"ముప్పయ్యో తారీఖు తర్వాత నీకు మొత్తం కూడా ఉండదు. సున్నాలో సగం అడుగుతున్నాను, ఇవ్వడానికి నీకేం నొప్పి?"

లెక్క సరిగ్గానే ఉంది. ఒప్పుకున్నాను.

అప్పటికి తేదీ ఇరవై రెండు. అక్క ఆ సాయంత్రమే నిదానం గారి దగ్గరికి వెళ్లి, నిజమైన నూట ఇరవై ఏడు తెస్తే సంతకం ఆపుతారా అని అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి, తెస్తే ఆపుతాను, తేకపోతే అందరికంటే ముందు నేనే పెడతాను అన్నాడట.

రెండు రోజులు అక్క తలుపు ముందే కూర్చుంది. తలుపు మీద నూట ఇరవై ఏడు ఒక్కటే మిగిలింది, దాని కింద ఖాళీ. మా ప్లేట్లలో అన్నిటికంటే పెద్ద వరుసకి నలభై తొమ్మిది చిల్లులు. ముక్కలయ్యే అంకె అయితే చిన్న వరుసల్లో దూరుతుంది. ఇది ముక్కలవదు. నూట ఇరవై ఏడు చిల్లుల ప్లేటే కావాలి. ఆ ప్లేటు చేయాలంటే ముందు చుట్టుని నూట ఇరవై ఏడు భాగాలు చేయగలగాలి. తిరిగి తిరిగి అదే గుమ్మం ముందుకొస్తున్నాం. వదిలేద్దామక్కా అన్నాను. "వాడి గోడౌన్లో ఉన్నది కూడా ఎవరో ఒకరు మొదటిసారి కోసిందే కదరా," అంది.

మూడో రోజున నేను బిళ్ల కొలుస్తుంటే నా చేతిలోంచి స్టీలు టేపు లాక్కుంది. మూడు మీటర్ల టేపు, మంచిది, నేను ఎవరికీ ఇవ్వనిది. రేకు కత్తెర తీసుకుని సరిగ్గా నూట ఇరవై ఏడో సెంటీమీటరు గీత మీద కత్తిరించేసింది. 

చుట్టుని పంచడం కష్టం, గీతని పంచక్కర్లేదు అని అప్పుడు చెప్పింది. ఒకటి పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే చాలు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చు. టేపు చేసినవాడు ఆ పని ఎప్పుడో చేసిపెట్టాడు. ఇప్పుడు ఈ టేపుని ఒక చెక్క చక్రం చుట్టూ కడితే, చివరి గీత మొదటి గీత మీద కూర్చుంటే, చుట్టు తనంతట తానే నూట ఇరవై ఏడు భాగాలైపోతుంది.

టేపు గీతల్లో, చెక్కలో తేడా ఉండదా అని అడిగాను. ఉంటుంది, అర మిల్లీమీటరు అనుకో అంది. కానీ హ్యాండిల్ నలభై చుట్లు తిరిగితేనే గేరు ఒక చుట్టు. హ్యాండిల్ దగ్గర జరిగిన తప్పు గేరు దగ్గరికి చేరేసరికి నలభయ్యో వంతు అవుతుంది. మన తప్పుల్ని కూడా ఆ మిషను మింగేస్తుంది, నీ నూట ఇరవై ఎనిమిదిని తప్ప అంది.

చెక్క చక్రం నిదానం గారే తన లేతు మీద చెక్కి ఇచ్చాడు. ఈ వయసులో నాకు బొమ్మలు చేసే పని పెట్టావా అమ్మాయ్ అంటూనే, వెంట్రుక మందం పొట్టు తీయడం, టేపు చుట్టి చూడడం, మళ్లీ తీయడం, పూటంతా చేశాడు. చివరికి గీత గీత మీద కూర్చున్నప్పుడు ఆయనే ముందు చూశాడు. చిల్లుల ప్లేటు తీసేసి ఆ చక్రాన్ని దాని స్థానంలో బిగించాం. హ్యాండిల్‌కి ఒక సూది అతికించాం. సూది నలభై గీతలు దాటితే ఒక పల్లు.

ఇరవై తొమ్మిదో తేదీ పొద్దున్నే కోత మొదలుపెట్టాం. నేను సూదిని జరిపి బిగిస్తాను, అక్క గీత చూసి దాని మీద సుద్ద చుక్క పెడుతుంది, అప్పుడు కత్తి దిగుతుంది. సున్నా. నలభై. ఎనభై. నూట ఇరవై. తర్వాత సున్నాని దాటి ముప్పై మూడు. గీతలన్నీ కలగాపులగంగా వస్తున్నాయి, ఎక్కడున్నామో నాకు అర్థం కావడం లేదు. అక్కకి మాత్రం భయం లేదు. మొండి అంకె కాబట్టి మనం తప్పు చేయనంతవరకు ఏ గీత మీదికీ రెండోసారి రాము అంది. అన్ని గీతల్నీ ఒక్కొక్కసారి ముట్టుకున్నాకే మళ్లీ సున్నా వస్తుంది. అదే నూట ఇరవై ఎనిమిదైతే పదహారు అడుగులకే సున్నా దగ్గరికొచ్చి కూర్చునేది. "మెత్తని అంకె తప్పు చేసినా చెప్పదురా. ఇది చెప్తుంది."

చెప్పింది. ఎనభై ఎనిమిదో కోత దగ్గర మధ్యాహ్నం దాటింది, నా వీపు పట్టేసింది. సూదిని జరిపి బిగించి, కత్తి దింపబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు. ఇక్కడ చుక్క ఉంది."

చూస్తే యాభయ్యో గీత. ఎప్పుడో పెట్టిన చుక్క. పదకొండు నుంచి నలభై దాటితే యాభై ఒకటి. నేను ఒక గీత ముందే ఆపాను. కత్తి దిగి ఉంటే గేరు పోయేది, దాంతోపాటు ముప్పయ్యో తేదీ పోయేది. యాభై ఒకటి మీద చుక్క లేదు. సూదిని ఒక్క గీత జరిపాను. అక్క కాసిని మంచినీళ్లు ఇచ్చి, మళ్లీ సుద్ద పట్టుకుని నిలబడింది.

చివరి చుక్క ఎనభై ఏడు మీద పడింది. అక్కణ్నుంచి నలభై జరిపాను. సూది సున్నా మీద ఆగింది. కత్తిని మెల్లగా దింపాను. అది మొదటి పంటి సందులోకి ఇనుముని తాకకుండా దిగిపోయింది. కోయడానికి అక్కడ ఏమీ లేదు.

మర్నాడు పొద్దున నిదానం గారి షాపులో పదకొండు మందీ ఉన్నారు. కంపెనీ ఆయన కాగితాల కట్ట పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. నిదానం గారు గేరుని ఒకసారి లెక్కపెట్టి బిగించాడు. చుట్టుకి ఐదు మిల్లీమీటర్ల మర, మీటరు పొడుగు. ఎవరు తొందరపెట్టినా ఆయన వేగం మారలేదు. కోత అయ్యాక నూనె తుడిచి, స్టీలు స్కేలు పక్కన పెట్టి, గోరుతో ఒక్కొక్క చుట్టూ లెక్కపెట్టుకుంటూ వెళ్లాడు. రెండు వందలవ చుట్టు స్కేలు చివరి గీతకి ఎదురుగా నిలబడింది. భూతద్దం తెప్పించి చూశాడు. మిగతావాళ్లకి ఇచ్చాడు. అది చేతులు మారుతూ పోయింది.

కంపెనీ ఆయన లేచి, ఇది మా గోడౌన్ గేరే, ఎవరో బయటికి తెచ్చారు అన్నాడు. నేను నోరు తెరవబోయాను. అక్క నా కంటే ముందు టేపు చుట్టిన చెక్క చక్రాన్ని తెచ్చి ఆయన ముందు పెట్టింది. నూట ఇరవై ఏడు సుద్ద చుక్కలూ దాని మీద అలాగే ఉన్నాయి. ఆయన నమ్మలేదు. గేరు తీయించి తనే పళ్లు లెక్కపెట్టాడు. మొదటిసారి నూట ఇరవై ఆరు వచ్చింది. రెండోసారి నూట ఇరవై ఎనిమిది.

"మూడోసారి చూడు బాబూ," అన్నాడు నిదానం గారు. "మాకేం తొందర లేదు."

మూడోసారి ఆయన పైకి లెక్కపెట్టలేదు. గేరు కింద పెట్టి అక్క వైపు తిరిగాడు. "అయితే విరిచావన్నమాట," అన్నాడు.

"లేదండీ, విరవలేదు. అది మీక్కూడా విరగదు. ఒకటికి ఒకటి కలుపుకుంటూ వెళ్లాను. కలపడానికి మీ గోడౌన్ తాళం అక్కర్లేదు."

ఆయన కాగితాలు సర్దుకుంటుంటే నిదానం గారు ఒకటి అడిగి తీసుకున్నాడు. సంతకానికేమోనని ఆయన కలం కూడా ఇచ్చాడు. నిదానం గారు కాగితం తిరగేసి, వెనకవైపు తెల్లగా ఉన్నచోట తనకి కావాల్సిన గేర్ల లెక్క రాసి అక్క చేతికిచ్చాడు. మొదటి అంకె నూట ముప్పై మూడు. "ఏడు పంతొమ్మిదులు," అంది అక్క, కాగితం చేతికి అందేలోపే.

ఇక చివరి లెక్క. పోయినవి: ఒక మంచి టేపు, ఎవరూ కోయలేని గేర్లు కోస్తాడని నాకున్న పేరు. మిగిలిన టేపు నూట డెబ్భై మూడు సెంటీమీటర్లు. అదీ మొండిదేనని అక్క చూసి చెప్పింది, ఎవరైనా అడుగుతారేమోనని దాచింది. వచ్చినవి: నూట ఇరవై ఏడు పళ్ల గేర్లు పదకొండు, ఒక్కో షాపుకి ఒకటి, అన్నీ ఆ చెక్క చక్రం మీద కోసినవే. తూకానికి పోని లేతులు పదకొండు. కంపెనీ ఆయన తన గోడౌన్లోని గేర్లు ఇప్పుడు విడిగా అమ్ముతున్నాడు, మా ధర కంటే తక్కువకి. మా వీధిలో కొన్నవాడు లేడు. తలుపు పక్కన నూట ఇరవై ఎనిమిది ఇంకా వేలాడుతోంది. కొత్తగా వచ్చిన ప్రతివాడూ దాన్ని లెక్కపెట్టి, ఏమిటిదని నన్నే అడుగుతాడు, నేనే చెప్పాలి. అక్క వాటా సగం. దాన్ని మొదట నష్టం కింద రాశాను. తర్వాత కొట్టేసి, షెడ్డు తెరిచిన రోజున నా చేతిలో ఉన్నవాటి వరుసలో, మిషను కంటే పైన రాసుకున్నాను.